పాలేరు దాటిన బండ్లు

గోల్కొండ నుంచి మచిలీపట్నం దారిలో బండ్లు నడవవని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే రాశాడు. కొండలు, చెరువులు, వాగులు అడ్డం. చిన్న బండి పోవడమే గగనం. ఆయన గనుల దాకా ఒక బండి తీసుకెళ్లి, దారి చెడినచోటల్లా దాన్ని ఊడదీసి దాటించుకున్నాడు. నందిగామ, జగ్గయ్యపేట ఆ రెండు పట్నాల నడుమ మెట్టలో ఉన్నాయి. మన ప్రయాణాల చరిత్రను ఎద్దు గిట్టతో మొదలుపెట్టాలి. చక్రం తర్వాత వచ్చింది.

ఆ కాలంలో సరుకంతా ఎద్దుల వీపుల మీదే. లంబాడీల బిడారుల్లో పది పన్నెండు వేల ఎద్దులుండేవని తావెర్నియే లెక్క. తీరం ఉప్పు తెలంగాణకు చేరింది ఆ పెరికెల్లోనే. లంబాడీలకు అది బేరం మాత్రమే కాదు, కాపురం కూడా. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అందరూ మందతోపాటే నడిచేవాళ్లు. మన ఊరి చరిత్రలు రాజుల దగ్గర ఆగిపోయి వీళ్లను వదిలేయడం అన్యాయమని నా అభిప్రాయం. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలు దగ్గర తండ్రి జగ్గయ్య పేరిట పేట కట్టించాడని ప్రతివాళ్లం చెబుతాం. పేట నిలబడాలంటే సరుకు రావాలి. ఆ సరుకు మోసినవాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు.

దారులు బాగుపడ్డాక రెండెడ్ల బండి వచ్చింది. బరువు బండి గంటకు మూడు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. ఎండాకాలం పగలు ఎడ్లు వగరుస్తాయి కనుక పొద్దు వాలాక కట్టి, తెల్లవారాక విప్పేవాళ్లు. నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య దూరం 30 కిలోమీటర్లకు కాస్త తక్కువ, అంటే బండికి ఒక రాత్రి నడక. బెజవాడ నుంచి నందిగామకు 50 కిలోమీటర్లు, రెండు రాత్రులు. ఇప్పుడు గంటలో దాటేసే ఈ దూరాలు ఎడ్ల ఓపికతో కొలిచినవి.

దారిలో మునియేరు, పాలేరు. వానాకాలం ఏరు తగ్గేదాకా గట్టునే పడిగాపులు. వేసవిలో ఇసుకలో చక్రం కూరుకుపోతే ముందు ఇంకో జత కట్టి లాగించాలి. ఇరుసుకు ఆముదం, గడ్డి మసి కలిపిన కందెన, గిట్టలకు లాడాలు, మెడ ఒరుసుకుపోకుండా కాడి కింద గుడ్డ. వీటిలో ఏది మరిచినా ప్రయాణం అక్కడే ఆగేది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు ప్రభలు కట్టుకొచ్చే బండ్లను చూసినవాళ్లకు బండి అంటే పండగే గుర్తుకొస్తుంది. ఇల్లు వదిలి పోయేవాళ్ల బండి వేరు.

అమెరికాలో 1840ల నుంచి రైలు వచ్చిన 1869 వరకు మూడు నాలుగు లక్షల మంది బండ్లతో పడమటికి వలసపోయారు. సుమారు 3,200 కిలోమీటర్లు, నాలుగు నుంచి ఆరు నెలలు. సినిమాల్లో గుర్రాలు పరుగెత్తుతాయి గాని, నిజానికి ఎక్కువ బండ్లను లాగినవి ఎడ్లే. బండి నిండా తిండిగింజలు, సామాను. మనుషులు పక్కన నడిచారు. దాడుల కంటే కలరాకే ఎక్కువమంది బలయ్యారు. ఇదంతా చదువుతుంటే నాకు నిజాం రాజ్యంతో మన సరిహద్దే గుర్తొచ్చింది.

1889లో బెజవాడకు నిజాం రైలు వచ్చింది గాని, అది మధిర మీదుగా పోయింది. మన రెండు ఊళ్లకూ రోడ్డే దిక్కు. పాలేరు అవతల నిజాం ఇలాకా. అక్కడ కరోడ్‌గిరి అనే సరిహద్దు సుంకం, హాలీ సిక్కా అనే నిజాం నాణెం. ఆ ఇలాకా మధ్యలో మునగాల పరగణా మన నందిగామ తాలూకాది. ఇటు మన మధ్య పరిటాల నిజాంది. గీత ఎక్కడుందో బండి తోలేవాడికి తెలిసినంతగా పటం గీసినవాడికి తెలిసి ఉండదు.

1947-48లో రజాకార్ల దాడులకు జడిసి నల్గొండ, వరంగల్ జిల్లాల పల్లెల నుంచి కుటుంబాలు ఈ గీత దాటి కృష్ణా జిల్లాలోకి వచ్చాయి. ఒక బండికి పది బస్తాల ధాన్యం పడుతుంది. ధాన్యం వేస్తే మనుషులకు చోటుండదు, మనుషుల్ని ఎక్కిస్తే వచ్చిన చోట తినడానికి గింజలుండవు. బాలింతను, ముసలివాళ్లను ఎక్కించి మిగతావాళ్లు నడవాలి. పాలిచ్చే గేదెను బండి వెనక కట్టాలా, దూడతో సహా వదిలేయాలా? కోతకొచ్చిన చేను ఎవరికి అప్పగించాలి? ఇలాంటి నిర్ణయాలు ఒక్క రాత్రిలో తీసుకోవాల్సి వచ్చింది. 1948 సెప్టెంబర్లో పోలీసు చర్య ముగిశాక చాలామంది వెనక్కి వెళ్లారు, కొందరు ఇక్కడే వేళ్లూనుకున్నారు.

జగ్గయ్యపేట బౌద్ధ స్తూపపు మాంధాత శిల్పం చెన్నై మ్యూజియంలో భద్రంగా ఉంది. 1882లో పురావస్తు శాస్త్రవేత్త బర్జెస్ తవ్వి, రాసిపెట్టబట్టి దాని కథ మనకు దక్కింది. బండ్ల కథను రాసుకోవలసింది మనమే. 1948లో పదేళ్ల పిల్లలు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. ఏ రేవులో ఏరు దాటారు, బండిలో ఏం వేసుకున్నారు, ఏం వదిలేశారు, ఈవల ఎవరు చోటిచ్చారు అని వాళ్లను అడగాలి. అటకల మీద పడున్న కాడినీ, గొడ్ల చావిట్లో వేలాడే గంటలనూ ఆ మాటలతోపాటు ఒకచోట చేర్చాలి. నందిగామలోగాని పేటలోగాని ఒక పాఠశాల గది ఇస్తే చాలు, ఈ ఎండాకాలంలోనే మొదలుపెట్టవచ్చు.