గని కార్మికులు బొమ్మలు గీసిన రాత్రి బడి: ఆషింగ్టన్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక రాత్రి బడి గురించి మాట్లాడుకుందాం. పిల్లల బడి కాదండి, పెద్దవాళ్ళది. పొద్దంతా బొగ్గు గనిలో పనిచేసి, ఇంటికొచ్చి ఒళ్ళు కడుక్కుని, సాయంత్రం వెళ్ళి కూచునేవాళ్ళ బడి. వాళ్ళు అక్కడికి వెళ్ళింది చిత్రకారులు కావాలని కాదు. బొమ్మ అంటే ఏమిటో, దాన్ని ఎలా చూడాలో తెలుసుకుందామని. ఆ తెలుసుకోవడం ఎటు పోయిందో, ఎంత దూరం పోయిందో, అదే ఈ కథ.

ఊరి పేరు ఆషింగ్టన్. ఇంగ్లండ్‌కి ఈశాన్య మూల, నార్తంబర్లాండ్ జిల్లాలో, న్యూకాసిల్ నగరానికి ఉత్తరాన ఉంటుంది. ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి ఈ పేరు తెలిసే ఉంటుంది. 1966లో ఇంగ్లండ్‌కి ప్రపంచ కప్పు తెచ్చిన జట్టులో ఉన్న అన్నదమ్ములు జాక్ చార్ల్‌టన్, బాబీ చార్ల్‌టన్‌లది ఈ ఊరే. వాళ్ళ నాన్న కూడా గని కార్మికుడే. ఊరంతా అంతే. కంపెనీ కట్టిన ఇళ్ళు వరసలు వరసలుగా ఉండేవి. ఆ వీధులకి పేర్లు కూడా ఒకటో వరస, రెండో వరస అని లెక్కపెట్టినట్టు ఉండేవి. ప్రపంచంలోకెల్లా పెద్ద గని గ్రామం మాదేనని ఊరివాళ్ళు చెప్పుకునేవారు. సింగరేణి వైపు 'బాయి పని' అంటారే, ఆ పని తప్ప ఇంకో పని పెద్దగా లేని ఊరన్నమాట. అబ్బాయి పద్నాలుగేళ్ళకి కాస్త అటూ ఇటూగా గనిలోకి దిగేవాడు. చదువు అక్కడితో సరి.

సరి అని మనం అనుకుంటాం. వాళ్ళు అనుకోలేదు. ఇంగ్లండ్‌లో 1903లో ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జ్ అనే ఆయన కార్మికుల విద్యా సంఘం ఒకటి మొదలుపెట్టాడు. ఊళ్ళో కొంతమంది పెద్దవాళ్ళు కలిసి ఒక తరగతిగా ఏర్పడితే, వాళ్ళు కోరిన విషయం చెప్పడానికి విశ్వవిద్యాలయం నుంచి ఒక అధ్యాపకుణ్ణి ఏర్పాటు చేసేది ఆ సంఘం. ఇందులో గమనించాల్సిన మాట 'కోరిన' అన్నది. ఏం నేర్చుకోవాలో నేర్చుకునేవాళ్ళే చెప్పాలి. ఆషింగ్టన్‌లో అలాంటి తరగతి 1920ల నుంచే నడుస్తోంది. జీవపరిణామం లాంటి విషయాలు చదివారు. 1934లో, ఈసారి చిత్రకళ గురించి తెలుసుకుందాం అనుకున్నారు.

వచ్చిన మాష్టారి పేరు రాబర్ట్ లయన్. న్యూకాసిల్ కాలేజీలో చిత్రకళ చెప్పేవాడు. స్వయంగా చిత్రకారుడు. మొదట ఆయన ఏ అధ్యాపకుడైనా చేసే పనే చేశాడు. స్లైడ్లు తెచ్చాడు. గోడ మీద ఇటలీ మహాచిత్రకారుల బొమ్మలు వేసి, చరిత్ర చెప్పాడు. ఎదురుగా రెండు డజన్ల మంది దాకా కూచుని ఉన్నారు. ఎక్కువమంది గని కార్మికులు. వాళ్ళ మధ్య కట్టుడు పళ్ళు తయారుచేసే హ్యారీ విల్సన్ లాంటివాళ్ళూ ఉన్నారు.

పాఠం ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదో కాస్త ఆలోచించండి. తెలివి లేక కాదు, పరిణామ సిద్ధాంతం చదివినవాళ్ళు వీళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది అసలు చిత్రాలు అంతవరకు ఎదురుగా నిలబడి చూసినవాళ్ళు కాదు. ఎప్పుడో, ఎక్కడో, ఎవరి కోసమో వేసిన బొమ్మల గురించి ఇంకెవరో చెప్తుంటే వినాలి. ఆ విన్నది నిజమో కాదో తమంతట తాము తేల్చుకునే దారి లేదు. వాళ్ళకి కావలసింది ఈ బొమ్మ గొప్పది అనే తీర్పు కాదు. తీర్పు ఎలా చెప్తారో అది కావాలి.

లయన్‌లోని మంచితనం ఏమిటంటే, ఈ సంగతి ఒప్పుకున్నాడు. స్లైడ్లు పక్కన పెట్టి, మీరే గీయండి అన్నాడు. వాళ్ళని చిత్రకారుల్ని చేయడానికి కాదు. గీసే మనిషికి ఎక్కడ చిక్కు వస్తుందో, ఎక్కడ నిర్ణయం తీసుకోవాల్సి వస్తుందో తన చేతికి తెలిస్తే, రేపు ఏ బొమ్మ ముందు నిలబడ్డా ఆ నిర్ణయాల్ని చూడగలుగుతాడు. మొదట లినోలియం పలకల మీద చెక్కి అచ్చు తీశారు. తర్వాత రంగుల్లోకి వచ్చారు. కాన్వాసు కొనే స్తోమత ఎక్కడిది? ప్లైవుడ్డు, అట్ట, హార్డ్‌బోర్డు, ఏది దొరికితే అది. గోడలకి వేసే వాల్‌పమూర్ పెయింట్ కూడా వాడారు.

తరగతి నడిచిన పద్ధతి తేలికే, అసలు విషయం అందులోనే ఉంది. మాష్టారు ఒక అంశం ఇస్తాడు. ఉదాహరణకి 'తెల్లవారుజాము'. ఎలా గీయాలో చెప్పడు. ఎవరింట్లో వాళ్ళు, షిఫ్టుకీ నిద్రకీ మధ్య దొరికిన వేళలో, వంటగది బల్ల మీదో ఎక్కడో గీసుకుంటారు. తరగతి రోజు అన్నీ తెచ్చి వరసగా పెడతారు. అందరూ చూస్తారు. అందరూ మాట్లాడతారు.

ఒకే అంశం, ఇన్ని బొమ్మలు. ఒకడి తెల్లవారుజాము కొండ మీద వెలుగు. ఇంకొకడిది గని వైపు నడిచే నల్లటి మనుషులు. ఎందుకు తేడా వచ్చింది? ఏది బాగుంది? బాగుంది అంటే ఏమిటి? ఇక చర్చ దానంతట అదే మొదలవుతుంది. బొగ్గు కొడుతున్న మనిషిని ఒకడు గీశాడనుకోండి. ఆ మనిషి పనిముట్టు పట్టుకున్న తీరు తప్పైతే, ఆ తప్పు పట్టగలిగేది మాష్టారు కాదు. పక్కన కూచున్న తోటి కార్మికుడు. రంగుల పొందిక గురించి అడిగితే మాష్టారు చెప్తాడు. అంటే ఆ గదిలో అందరికీ తెలియనిదీ ఉంది, అందరికీ తెలిసినదీ ఉంది. పెద్దవాళ్ళకి చదువు చెప్పేటప్పుడు మనం తరచూ మర్చిపోయేది ఇదే. ఎదురుగా ఉన్న మనిషి ఖాళీ కుండ కాదు.

ఇంకొకటి. చదువుకున్నవాళ్ళ ముందు నోరు విప్పడానికి పెద్దవాళ్ళు మొహమాటపడతారు. నా భాష సరిగ్గా లేదేమో, నవ్వుతారేమో అని. బొమ్మ మధ్యలో ఉంటే ఆ భయం తగ్గుతుంది. ఎందుకంటే మాట మనిషి మీదికి పోదు, బొమ్మ మీదికి పోతుంది. చేతిలో బొమ్మ ఉన్నవాడు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, చూపిస్తే చాలు.

ఇలా తేలిన వాళ్ళలో ఆలివర్ కిల్‌బోర్న్ ముఖ్యుడు. 1904లో పుట్టాడు. పదమూడేళ్ళకే గని పనిలో చేరాడు. 1936లో ఆయన వేసిన 'శనివారం రాత్రి క్లబ్బులో' అనే బొమ్మలో వాళ్ళ ఊరి క్లబ్బే ఉంటుంది, పొగ, గ్లాసులు, కిక్కిరిసిన జనంతో. జిమ్మీ ఫ్లాయిడ్ పావురాల గూళ్ళు గీశాడు. జార్జ్ బ్లెస్డ్ పరుగు పందేల కుక్కల్ని గీశాడు. ఇక గని లోపల సంగతి: వంగి, పడుకుని, నెత్తి మీద దీపం వెలుగులో చేసే పని. బయటివాళ్ళు గని గురించి రాస్తూనే ఉన్నారు. జార్జ్ ఆర్వెల్ ఉత్తర ఇంగ్లండ్ గనుల్లోకి దిగి చూసి రాసిన పుస్తకం 1937లో వచ్చింది. మంచి పుస్తకమే. కానీ చూసి పైకి వచ్చేసినవాడి చూపు వేరు, రేపు మళ్ళీ దిగాల్సినవాడి చూపు వేరు. వీళ్ళ బొమ్మల్లో గని జాలి పడాల్సిన చోటూ కాదు, వీరగాథ కూడా కాదు. పనిచేసే చోటు, అంతే.

ఇప్పుడు ఈ బడి ఊరు దాటిన సంగతి. హెలెన్ సదర్లాండ్ అని ఒక సంపన్నురాలు ఉండేది. పి అండ్ ఓ ఓడల కంపెనీ చైర్మన్‌గారి కూతురు. ఆ జిల్లాలోనే రాక్ హాల్ అనే పాత భవనంలో ఉండేది. బెన్ నికల్సన్, డేవిడ్ జోన్స్ లాంటి కొత్త తరం చిత్రకారుల పనులు ఇంటినిండా ఉండేవి. ఆమె వీళ్ళని ఇంటికి పిలిచింది. 1936 ఫిబ్రవరిలో లండన్ ప్రయాణానికీ సాయం చేసింది.

లండన్‌లో టేట్ గ్యాలరీ చూశారు. ఇంకొకటి కూడా చూశారు. రాయల్ అకాడమీలో ఆ చలికాలం చైనా కళల మహాప్రదర్శన నడుస్తోంది. చైనా ప్రభుత్వం తన రాజవంశాల నాటి వస్తువుల్ని అరువిస్తే, బ్రిటిష్ యుద్ధనౌక సఫోక్ మీద ఎక్కించి జాగ్రత్తగా తెచ్చారు. ఏడాదిన్నర కిందట ఇటలీ బొమ్మల స్లైడ్లు చూసి ఏమీ తోచకుండా కూచున్న మనుషులు, ఇప్పుడు వేల మైళ్ళ అవతలి దేశపు బొమ్మల ముందు నిలబడ్డారు. ఈసారి తాము కూడా కుంచె పట్టినవాళ్ళు. ఎక్కడ గీత ఆపాలి, ఎక్కడ ఖాళీ వదిలేయాలి అన్న ప్రశ్నతో ఇంట్లో కుస్తీ పట్టి వచ్చినవాళ్ళు. చైనా భాష రాదు, చరిత్ర తెలియదు. కానీ ఆ ప్రశ్న తెలుసు. రెండు సంస్కృతులు మాట్లాడుకోవడం అంటే పెద్ద పెద్ద ఉపన్యాసాలు కావాలని లేదండి. ఇద్దరికీ తెలిసిన ఒక చిక్కు ఉంటే చాలు.

అదే ఏడాది న్యూకాసిల్‌లోని హాటన్ గ్యాలరీలో వాళ్ళ మొదటి ప్రదర్శన జరిగింది. పేరొచ్చింది. పేరుతో పాటు చిక్కూ వచ్చింది. 1938లో 'మాస్ అబ్జర్వేషన్' అనే సంస్థ తరఫున టామ్ హారిసన్, చిత్రకారుడు జూలియన్ ట్రెవెల్యన్ ఆషింగ్టన్ వచ్చారు. సామాన్యుల జీవితాన్ని గమనించి నమోదు చేయడం ఆ సంస్థ పని. మంచి ఉద్దేశమే. వీళ్ళ బొమ్మలతో గేట్స్‌హెడ్‌లో ఒక ప్రదర్శన కూడా జరిగింది. కానీ చూడండి, చర్చ ఇక్కడ కాస్త మారిపోతుంది. శిక్షణ లేని కార్మికులు ఎలా గీస్తారు అన్నది కొందరికి ఆసక్తి. అప్పుడు బొమ్మ వెనక్కి పోయి, గీసినవాడే ప్రదర్శన వస్తువు అయిపోతాడు. అయ్యో, కూలివాడు కూడా గీశాడే అనే మెచ్చుకోలు ఉంటుంది కదా, అది మెచ్చుకోలు వేషం వేసుకున్న చిన్నచూపు.

దానికి వాళ్ళ జవాబు వాళ్ళు బతికిన తీరే. గుంపుగానే ఉన్నారు. నియమాలు రాసుకున్నారు. గీసిన వాటిలో మంచివి ఉమ్మడి ఆస్తిగా దాచారు. గని పని మానలేదు. లయన్ 1942లో ఎడిన్‌బరో కళాశాలకి ప్రిన్సిపాల్‌గా వెళ్ళిపోయాడు. సాధారణంగా మాష్టారు పోతే బడి పోతుంది. ఇది పోలేదు. ఆయన వెళ్ళిన తర్వాత ఇంకో నాలుగు దశాబ్దాలు వాళ్ళంతట వాళ్ళే నడిపారు, సొంతంగా ఒక షెడ్డు సంపాదించుకుని. గురువు విజయం కొలవాలంటే ఇంతకన్నా మంచి కొలబద్ద నాకు తెలియదు.

లోటు కూడా చెప్పుకోవాలి. ఇది ప్రధానంగా మగవాళ్ళ సంఘం. ఇంట్లో నీళ్ళు కాచి, బట్టలుతికి, మూడు షిఫ్టులకీ వంటచేసిన ఆడవాళ్ళు బొమ్మల్లో కనిపిస్తారు కానీ, గీసినవాళ్ళుగా కనిపించరు. వాళ్ళకీ ఒక సాయంత్రం ఖాళీ దొరికి ఉంటే ఆ ఊరి బొమ్మ ఇంకెలా ఉండేదో.

1970ల్లో కళావిమర్శకుడు విలియం ఫీవర్ వీళ్ళ గురించి మళ్ళీ లోకానికి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ దశాబ్దంలోనే ఇంకో విచిత్రం జరిగింది. చైనాలో హూషియన్ అనే చోట 1958 నుంచి రైతులకి బొమ్మల తరగతులు నడిచేవి. ఆ రైతుల చిత్రాలు 1976లో బ్రిటన్‌కి ప్రదర్శనగా వచ్చాయి. పైకి రెండూ ఒకటే: పగలు పని, సాయంత్రం కుంచె. కానీ అక్కడ పంట ఎప్పుడూ విరగపండుతుంది, మనుషులు ఎప్పుడూ నవ్వుతుంటారు, ఎందుకంటే ఏం గీయాలన్న దాంట్లో పార్టీ మాట ఉంది. వాళ్ళ చేతుల్లో నైపుణ్యం తక్కువేం కాదు. తేడా అంతా చర్చలో ఉంది. ఇది ఇలా లేదు కదా అని పక్కవాడు అనగలిగే గది ఒకటుంది, అనలేని గది ఒకటుంది.

1980లో ఆషింగ్టన్ బొమ్మలు చైనా వెళ్ళాయి. నలభై నాలుగేళ్ళ కిందట చైనా బొమ్మలు చూడ్డానికి లండన్ వెళ్ళినవాళ్ళ ఊరి బొమ్మల్ని, ఇప్పుడు చైనావాళ్ళు చూశారు. బొగ్గు గని, పావురాల గూడు, క్లబ్బు. తిరుగు సందర్శన అన్నమాట.

ఆ తర్వాత కాలం తొందరగా మారిపోయింది. పక్కనున్న వుడ్‌హార్న్ గని 1981లో మూతపడింది. స్థలం అద్దె పెరిగి షెడ్డు వదులుకోవాల్సి వచ్చింది, గ్రూపు ముగిసింది. 1984లో దేశమంతా గని కార్మికుల సమ్మె. 1988లో ఆషింగ్టన్ గని కూడా మూసేశారు. అదే ఏడాది ఫీవర్ పుస్తకం వచ్చింది. దాని ఆధారంగా లీ హాల్ రాసిన నాటకం 2007లో న్యూకాసిల్‌లో ఆడింది, తర్వాత న్యూయార్క్ దాకా వెళ్ళింది. బొమ్మలు మాత్రం దూరం పోలేదు. మూతపడిన వుడ్‌హార్న్ గని ఇప్పుడు మ్యూజియం. ఆ బొమ్మలు అక్కడే ఉన్నాయి. గని లేదు, గని లోపల ఏముండేదో లోపలివాళ్ళు గీసింది ఉంది.

ఇవాళ చాలాచోట్ల వయోజనులకి, వలస వచ్చినవాళ్ళకి బొమ్మల వర్క్‌షాపులు పెడుతున్నారు. మంచిదే. పెట్టేవాళ్ళు ఆషింగ్టన్ నుంచి ఒక్కటి పట్టుకెళితే చాలు. రంగులు పంచడం సగం పనే. గీసిన తర్వాత అందరివీ వరసగా పెట్టి, ఎవరైనా ఏదైనా అనగలిగేంత సేపు కూచోవడం మిగతా సగం. ఆ రెండో సగానికి టైం లేదంటే, అది కాలక్షేపం అవుతుంది, బడి కాదు.

మీ ఊళ్ళో ఇలాంటి రాత్రి బడి ఏదైనా నడిచి ఉంటే, అందులో చదువుకున్న పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, వెళ్ళి వాళ్ళని అడగండి, వాళ్ళు ఉండగానే.