విషయ ఎంపిక: దామెర్ల రామారావు మార్గం

అధ్యయన కేంద్రాల్లో తరగతులు చెప్పేటప్పుడు పశ్చిమ ప్రకాశం విద్యార్థులు నన్నొక ప్రశ్న అడుగుతుండేవారు. “మాది మెట్ట ప్రాంతం, కరువు నేల. బొమ్మ గీయడానికి ఇక్కడ ఏముంది సార్?” మీకూ ఈ సందేహం ఉంటే ఆధునిక ఆంధ్ర చిత్రకళకు దారి వేసిన దామెర్ల రామారావు జీవితాన్ని పరిశీలించండి.

రామారావు 1897లో రాజమండ్రిలో జన్మించారు. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. 1916లో బొంబాయి జె.జె. కళాపాఠశాలలో చేరి, 1920 వరకు అక్కడ శిక్షణ పొందారు.

ఆనాటి యువ చిత్రకారుల ముందు రెండు ప్రధాన మార్గాలుండేవి. ఒకటి రవివర్మ అనుసరించిన పాశ్చాత్య తైలవర్ణ పద్ధతి. రెండవది అవనీంద్రనాథ్ ఠాగూర్ నాయకత్వాన బెంగాల్‌లో వచ్చిన, మసక రంగుల నీటివర్ణ పద్ధతి. రామారావు ఈ రెండింటిలో దేనికీ అనుకర్తగా మిగిలిపోలేదు. బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణ జ్ఞానాన్ని, అజంతాను తలపించే స్పష్టమైన రేఖను కలిపి, తెలుగు మనుషులను, గోదావరి పరిసరాలను చిత్రించారు. పురాణ కథను తీసుకున్నప్పుడు సైతం ఆ మనుషుల నిలుపులో, ఒంటి తీరులో తాను ఎరిగినవారినే చూపారు. ‘ఋష్యశృంగ బంధనం’ 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి పొందింది.

చదువు ముగిశాక ఆయన రాజమండ్రికి తిరిగివచ్చి చిత్రకళా పాఠశాల స్థాపించారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేశారు. 1925లో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే రామారావు మరణించారు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ పాఠశాలను కొనసాగించారు.

ఇక్కడ చరిత్ర విద్యార్థిగా ఒక జాగ్రత్త పాటించాలి. చిత్రకారుడు ఎన్నుకున్నది అతని కాలంలో ఒక భాగం మాత్రమే. ‘పుష్పాలంకరణ’ చూసి 1920ల నాటి తెలుగు స్త్రీలందరి జీవితం అలాగే ఉండేదని నిర్ణయించకూడదు. చిత్రంలో ఉన్నదేమిటో, లేనిదేమిటో రెండూ అడగాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. గోదావరి అందమైనది కాబట్టి రామారావుకు విషయం దొరికిందనుకుంటే పొరపాటు. ఆ నదిని ఆయనకంటే ముందు ఎందరో చూశారు. చిన్ననాటి నుంచి ఎరిగిన దానిని, నేర్చిన విద్యతో మళ్ళీ చూడడమే ఆయన చేసిన పని. మీకు మార్కాపురం పలకల గనులున్నాయి. తరతరాల పిల్లలు తొలి అక్షరం దిద్దిన రాయి ఆ నేలలోనిదే. చెన్నకేశవస్వామి ఆలయం, గుండ్లకమ్మకు కట్టిన కంభం చెరువు, నల్లమల అంచు పల్లెలు ఉన్నాయి. పనికోసం వలసపోయినవారి తాళం వేసిన ఇల్లు కూడా చిత్రానికి తగిన విషయమే.

అభ్యాసం: మీ ఊరిలో మీరు రోజూ చూసే ఒక దృశ్యాన్ని ఎన్నుకోండి. దానినే ఎందుకు ఎన్నుకున్నారో, దేనిని వదిలివేశారో పది వాక్యాల్లో రాయండి.