కలకత్తా పెట్టె, దాటిపోయిన రాణి

తంతి తీగల శాఖలో పనిచేసే దొరకు తేనెటీగల మీద మనసు పోవడం విడ్డూరమే. కానీ మన దేశంలో ఆధునిక తేనెటీగల పెంపకం కథ అక్కడే మొదలైంది. తంతి తపాలా శాఖ ఉద్యోగి జాన్ డగ్లస్ 1882లో బెంగాల్‌లో కదిలే చట్రాల పెట్టెలు పెట్టి చూశాడు. తేనెటీగల పెంపకంపై ఆయన రాసిన కరదీపిక 1884లో కలకత్తాలో అచ్చయింది.

అప్పటిదాకా తేనె తీయడమంటే పట్టు కోసి పిండడమే. పట్టులో పైన తేనె, కింద గుడ్లు, పిల్లపురుగులు ఉంటాయి. రెండూ కలిపి పిండితే పురుగుల రసం తేనెలోకి దిగి, అది త్వరగా పులిసిపోతుంది. మంచి తేనె కావాలంటే రాణి గుడ్లు పెట్టే చోటు మనిషి చేతిలో ఉండాలి.

అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ 1851లో ఈగలు మైనంతో పూడ్చని సందు కొలత పట్టుకున్నాడు. దాంతో చట్రాలు విడివిడిగా పైకి తీయడం వీలైంది. 1865లో ఫ్రాన్సులో కొలాఁ అనే మతగురువు చిల్లుల రేకు తయారుచేశాడు. కింద పిల్లల గదికీ పైన తేనె గదికీ మధ్య దాన్ని పరిస్తే కూలి ఈగలు దూరి పోతాయి, రాణి ఆగిపోతుంది. ఆమెను ఆపేది గుడ్లతో నిండిన పొట్ట అనుకుంటాం. కాదు, పొట్ట నొక్కుకుపోతుంది. రెక్కలూ కాళ్లూ పుట్టుకొచ్చే గట్టి ఛాతీయే ఇరుక్కుంటుంది. పోతుటీగలకూ అదే గతి.

ఐరోపా ఈగ కోసం ఈ జాలీ రేకులో సందు వెడల్పు సుమారు 4.2 మిల్లీమీటర్లు. మన పుట్టతేనె ఈగ అంతకన్నా చిన్నది, దాని రాణీ సన్ననే. పరాయి కొలత జాలీ ఆమెకు తెరిచిన తలుపే! జాలీ సందు తగ్గించాలి, పెట్టె కొలతా మార్చాలి. దక్షిణాదిలో 1911–17 మధ్య పల్లెజనానికి పెంపకం నేర్పిన ఫాదర్ న్యూటన్ ఈ ఈగ ఒడ్డూపొడుగుకు సరిపడే చిన్న పెట్టె రూపొందించాడు.

కలకత్తాకు దక్షిణాన సుందరబనాల్లో మాత్రం ఏ పెట్టే చెల్లదు. అక్కడి కొండతేనె ఈగ ఆరుబయట ఒకే పట్టు కడుతుంది. వేసవిలో ఖల్సీ పూలు పూసే వేళ, పులి భయం మధ్యే తేనె సేకరించే మౌలేలు అడవిలోకి వెళ్తారు. తేనె ఉన్న భాగం కోసుకుని పిల్లల భాగం వదిలేస్తే గుంపు బతుకుతుంది. జాలీ చేసే పనే అక్కడ కత్తి చేస్తుంది, చెయ్యి తెలివైనదైతే.

పెట్టెల్లో పెంపకం మాత్రం మరో మలుపు తిరిగింది. 1962లో నగ్రోటాలో, నేటి హిమాచల్‌లో, ఐరోపా ఈగ నిలదొక్కుకుంది. ఇప్పుడు బెంగాల్ ఆవచేల పక్కన వరుసగా కనిపించే పెట్టెల్లో ఉండేది ఎక్కువగా అదే. జాలీ కొలత మార్చాల్సిన పని లేకపోయింది, ఈగే మారిపోయింది.