డబుల్ ఓ వెనక మన ఉకారం: బాండికూట్ నుంచి నాయుడు దాకా

క్రాష్ బాండికూట్ గేమ్ ఆడారా? 1996లో ప్లేస్టేషన్‌లో మొదలైంది కదా. ఆ హీరో పేరులో సగం మన తెలుగే! బాండికూట్ అంటే ఏంటో కాదు, పందికొక్కు.

ఇంగ్లిష్ వొకాబులరీ వీడియోల్లో డబుల్ ఓ ఉన్న మాటలని ఒక లిస్ట్ చెప్తుంటారు. మూన్, స్పూన్, స్కూల్... ఆ లిస్ట్‌లో మన వైపు నుంచి ఓడెక్కి వెళ్లినవి కూడా ఉన్నాయి. ఇవాళ వాటి సంగతి చూద్దాం.

ముందు ఆ రెండు ఓలు ఎందుకొచ్చాయో చెప్తాను. 17వ శతాబ్దం చివరికే ఈస్టిండియా కంపెనీ మన విశాఖపట్నంలో వ్యాపార కోఠీ పెట్టింది. వాళ్ల గుమాస్తాలు మన పేర్లు చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నారు. విశాఖపట్నం వాళ్ల చేతిలో విజగపటం అయింది, మనం ముద్దుగా పిలుచుకునే వైజాగ్ దాంట్లోంచి ఊడిపడిన ముక్కే. ఇక మన ఉ, ఊ వినబడితే వాళ్లు ఎక్కువగా డబుల్ ఓ రాసేవాళ్లు. 1816లో మద్రాసులో ఎ.డి. క్యాంప్‌బెల్ వేసిన తెలుగు వ్యాకరణం టైటిల్ చూడండి. తెలుగు అన్న ఒక్క మాటకే నాలుగు ఓలు! పక్కనే జెంటూ, హిందూ, వాటికీ రెండేసి. 1870లలో ప్రభుత్వం స్పెల్లింగులు సరిచేసి యూ అక్షరం పెట్టించింది. గుంటూరు అలా మారింది. కర్నూలు, చిత్తూరు మాత్రం ఇప్పటికీ రెండు ఓలతోనే ఉన్నాయి, బోర్డు చూస్తే తెలుస్తుంది.

సరే, బాండికూట్. కొక్కు అంటే ఎలుక. పందిలాంటి ఎలుక కాబట్టి పందికొక్కు. గోడౌన్ల దగ్గర రాత్రిపూట దాన్ని చూసినవాళ్లకి ఆ పేరు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. జంతుశాస్త్రంలో దాని ప్రజాతి పేరు కూడా బాండికోటా. తర్వాత ఇంగ్లిష్‌వాళ్లు ఆస్ట్రేలియాలో పొట్ట దగ్గర సంచి ఉండే ఒక జంతువుని చూసి దానికీ ఇదే పేరు పెట్టేశారు. రెండింటికీ చుట్టరికమే లేదు! గేమ్‌లో ఉన్నది ఆ ఆస్ట్రేలియా జంతువే.

జెంటూ మన మాట కాదు, మనకి తగిలించిన మాట. పోర్చుగీసువాళ్లు క్రైస్తవులు కానివాళ్లని జెంటియో అనేవాళ్లు. ఇంగ్లిష్‌లో అది జెంటూ అయి మొదట హిందువులకి, మద్రాసు వైపు ప్రత్యేకంగా తెలుగువాళ్లకి, తెలుగు భాషకి పేరైంది. ఇప్పుడు గూగుల్ చేస్తే ఒక పెంగ్విన్ వస్తుంది. దాని తల మీది తెల్ల పట్టీ తలపాగాలా కనిపించి ఆ పేరు పెట్టారని ఒక ఊహ. ఆ పెంగ్విన్ పేరే జెంటూ లినక్స్‌కి పెట్టారు. అంటే మన భాష పాత పేరు ఇవాళ ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఉంది. నాకైతే భలే అనిపించింది.

మూడోది కూలీ. ఇక్కడ నవ్వు ఆగిపోతుంది. తెలుగులో కూలి అంటే పనికిచ్చే డబ్బు. మనిషి కూలివాడు. ఇంగ్లిష్ మాట గుజరాత్ వైపు కోలీ అనే జాతి పేరు నుంచి వచ్చిందని ఒక వాదన, మన దక్షిణాది కూలి నుంచే వచ్చిందని ఇంకోటి. రెండూ కలిసిపోయి ఉంటాయని నా అభిప్రాయం. ఏదైనా జరిగింది ఒకటే: డబ్బు పేరు మనిషి పేరైపోయింది.

బ్రిటిష్ కాలనీల్లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకి మనుషులు కావాల్సొచ్చారు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. తర్వాత ఏళ్లలో విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి కూడా ఎంతోమంది ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్లారు. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబర్. 1991లో వెంకటేష్ సినిమా కూలీ నెంబర్ 1 మనకి సూపర్ హిట్టు, అక్కడ మాత్రం ఆ రెండు మాటలు పక్కపక్కన వింటే గుర్తొచ్చేది వేరే. అక్కడ ఏ భారతీయుడైనా కూలీయే. 1893లో వెళ్లిన గాంధీని కూలీ బారిస్టర్ అన్నారు. దక్షిణాఫ్రికాలో ఈరోజుకీ అది తిట్టే. మన దగ్గర మాత్రం కూలీనాలీ చేసుకుని పిల్లల్ని చదివించామని తల్లిదండ్రులు తలెత్తుకుని చెప్తారు.

ఆ ఓడల రిజిస్టర్లు పోలేదు. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు అన్నీ గుమాస్తా చెవికి వినబడినట్టు రాసి ఉన్నాయి. ఆ దేశంలో నాయుడు అనే ఇంటిపేరు చివర ఇప్పటికీ రెండు ఓలు ఉంటాయి. 1994లో మండేలా మంత్రివర్గంలో ఉన్న జే నాయుడు కూడా అలాగే రాసుకుంటారు. ఆ రిజిస్టర్లు పట్టుకుని తాతముత్తాతల ఊరు వెతుక్కునేవాళ్లు ఉన్నారు. ఎప్పుడైనా డర్బన్ నుంచి ఎవరైనా మీకు మెసేజ్ పెట్టి, మ్యాప్‌లో ఎక్కడా దొరకని ఊరి పేరు అడిగితే, డబుల్ ఓ ఉన్నచోట ఉకారం పెట్టి గట్టిగా పైకి చదవండి. అది మీ పక్క ఊరే కావచ్చు.