ఇసుక దారి కథ

కొత్తగూడెం రైల్వే స్టేషను పేరు ‘భద్రాచలం రోడ్’. భద్రాచలమో, అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన, గోదావరి ఆవలి గట్టున ఉన్నది. ఆ మిగిలిన దూరమంతా ఒకనాడు అడవి దారిదే. ఈనాడు జీపుల్లో సాహసయాత్రలకై ఈ సరిహద్దు అడవులవైపు చూసే మిత్రులు ఆ దారి కథ కూడా వినాలి.

వాగు దాటేచోట ఇసుక చక్రాన్ని పరీక్షిస్తుంది. ఇనుప పట్టా వేసిన బండిచక్రం సన్ననిది. బరువంతా ఒకేచోట మోపి దిగబడుతుంది. జీపు నడిపేవారు టైర్లలో కొంత గాలి తీసివేస్తారు. టైరు పరచుకొని బరువును పంచుతుంది. కంగారుపడి వేగం పెంచితే మాత్రం చక్రం తన గోతిని తానే తవ్వుకుంటుంది. బండ్లనాడు ఆ గోతిలోనుండి చక్రాన్ని లేపినది మనిషి భుజమే.

ఆ మనిషి ఎవరు? 1941లో గోదావరి తీరపు కొండరెడ్ల నడుమ తిరిగిన హైమన్‌డార్ఫ్ 1945లో వారిపై ప్రచురించిన గ్రంథంలో కలప, వెదురు వర్తకుల కింద వారు పడిన పాట్లను నమోదు చేశాడు. తూర్పున, ఇదే కొండల వరుసలోని గూడెం ప్రాంతంలో, డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ చేయించిన రోడ్డు పనుల్లో గిరిజనులకు న్యాయమైన కూలి దక్కలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి ఠాణాపై దాడి చేయడం వెనుక ఆ రోడ్డు కసి కూడా ఉన్నది. దారి వారికి మొదట అధికారినీ, వర్తకుడినీ తెచ్చింది. వైద్యుడు చాలా ఆలస్యంగా వచ్చాడు.

భద్రాచలం 1959లో తూర్పుగోదావరి నుండి ఖమ్మం జిల్లాలో చేరింది. 1965లో గోదావరిపై వంతెన వచ్చి, పడవ కోసం ఎదురుచూపు తప్పింది. 2014లో పట్టణం తెలంగాణలోనే ఉండగా, చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. పటంలో గీతలు ఇన్నిసార్లు మారినా, లోపలి గూడేలు కొన్నింటికి నేటికీ సరైన బాట లేదు. నొప్పులు పడుతున్న తల్లిని డోలీ కట్టి మోసుకొచ్చిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాము.

దారి లేకపోవడం మనకు వినోదం, వారికి ప్రాణసంకటం. కిన్నెరసాని వంటి అభయారణ్యాలలోకి అనుమతి లేకుండా బండి తోలరాదన్నది చట్టం చెప్పే మాట. ఆ ఇసుకలో ముందు దిగబడినది ఎవరి పాదమో తలచుకొమ్మన్నది చరిత్ర చెప్పే మాట.