గ్రాంటు, షరతు, లెక్క: ఆబిడ్స్, నాంపల్లి బడుల నుంచి ఒక చరిత్ర

మీరు ఆబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసు దగ్గర బస్సు దిగి, ఒక అరగంట ఆ చుట్టుపక్కల నడిచారనుకుందాం. 1834లో మొదలైన సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు కనిపిస్తుంది. ఛాపెల్ రోడ్డులో 1895 నాటి స్టాన్లీ బాలికల పాఠశాల ఉంది. గన్‌ఫౌండ్రీ వైపు వెళితే 1855లో స్థాపించిన ఆల్ సెయింట్స్, 1904 నాటి రోజరీ కాన్వెంట్, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పేరుతో 1907లో వెలసిన మహబూబియా బాలికల పాఠశాల వరుసగా తగులుతాయి. చిరాగ్ అలీ లేన్‌లో 1953 నాటి లిటిల్ ఫ్లవర్ హైస్కూలు ఉంది. వీటి మధ్య, నాంపల్లి స్టేషను దిక్కుగా పోయే సందుల్లో, బయట చిన్న బోర్డు మాత్రమే ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలూ ఉన్నాయి. చాలామంది వాటిని చూడకుండానే దాటిపోతారు.

ఇంత చిన్న ప్రాంతంలో ఇన్ని రకాల బడులు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు సాధారణంగా స్థాపకుల పేర్లతో జవాబు చెబుతాయి. ఈ పాఠంలో మనం మరో ప్రశ్న వేసుకుందాం. బడిని స్థాపించిన మరుసటి సంవత్సరం నుంచి ఉపాధ్యాయుడి జీతానికీ సుద్దముక్కకూ డబ్బు ఎవరిచ్చారు? ఇచ్చినవారు బదులుగా ఏమడిగారు? గ్రాంటు చరిత్ర అంటే ఈ రెండో ప్రశ్న చరిత్రేనని నా అభిప్రాయం. మొత్తం ఎంతన్నది తరచుగా మారింది. షరతు పెట్టే పద్ధతి మాత్రం ఆశ్చర్యకరంగా అలాగే ఉంది.

ఈ పద్ధతికి మన దేశంలో స్పష్టమైన రూపమిచ్చింది 1854 నాటి వుడ్స్ డిస్పాచ్. అంతకుముందు, 1813 చార్టర్ చట్టం విద్యకు ఏటా లక్ష రూపాయలు కేటాయించింది కాని, ఆ సొమ్ము ఎవరికి, ఏ నియమం మీద చేరాలో తేల్చలేదు. 1854 పత్రం దాన్ని తేల్చింది. ప్రభుత్వమే అన్ని బడులూ నడపలేదు కాబట్టి ప్రైవేటు బడులకు సహాయక గ్రాంటు ఇవ్వవచ్చునని చెబుతూ నాలుగు షరతులు పెట్టింది. బడిలో మంచి లౌకిక విద్య చెప్పాలి. బడిని చూసుకునే స్థానిక యాజమాన్యం ఉండాలి. ప్రభుత్వ తనిఖీకి ఒప్పుకోవాలి. పిల్లల నుంచి కొద్దిగానైనా ఫీజు వసూలు చేయాలి. మత బోధన జరుగుతుందా లేదా అన్నది తనిఖీ అధికారి పట్టించుకోవలసిన అంశం కాదు. మిషనరీ బడులకు తలుపు తెరుచుకున్నది ఇక్కడే.

హైదరాబాదు బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు కాబట్టి ఈ పత్రం ఇక్కడ నేరుగా అమలు కాలేదు. అయినా పొరుగు ప్రాంతాల పద్ధతులు సంస్థానంలోకి రాకుండా ఆగలేదు. విద్యాశాఖ, గుర్తింపు, తనిఖీ అనే మూడు మెట్లూ క్రమంగా ఇక్కడా ఏర్పడ్డాయి. ఒక చిన్న విషయం గమనించండి. తెలంగాణలోని ఇతర జిల్లాల్లో మండల స్థాయిలో ఉండే అధికారిని మండల విద్యాధికారి అంటారు. హైదరాబాదు జిల్లాలో మాత్రం ఆ పని చేసే అధికారిని డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్ అంటారు. గ్రాంటు కావాలంటే ఇన్‌స్పెక్టరును లోనికి రానివ్వాలన్న పాత షరతు ఒక ఉద్యోగం పేరులో ఇంకా మిగిలి ఉంది.

నిజాం పాలనలో షరతు మరింత లోతుగా తగిలిన చోటు భాష. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె భవనాల్లో, ఉర్దూ మాధ్యమంలో తరగతులు మొదలుపెట్టింది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పడం ఆ రోజుల్లో చాలా పెద్ద ముందడుగు, దాన్ని తక్కువ చేయనవసరం లేదు. కాని సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. విశ్వవిద్యాలయానికి దారితీసే ఉన్నత పాఠశాల ఉర్దూలో నడవాలంటే, తెలుగు పిల్లకు ప్రాథమిక దశ తరువాత సొంత భాషలో దారి లేనట్లే. దీనికి తోడు 1920లలో ప్రైవేటు పాఠశాల తెరవడానికి ప్రభుత్వపు ముందస్తు అనుమతి తప్పనిసరి అయింది. గ్రాంటు అడగకపోయినా సరే, అనుమతి అడగాలి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభ నాటి నుంచి మాతృభాషలో విద్య, ప్రైవేటు బడులపై ఆంక్షల తొలగింపు తెలంగాణ ఉద్యమంలో ముఖ్యమైన కోరికలయ్యాయి.

ఈ నేపథ్యంలో ఒక బడి కథను కొంచెం నిదానంగా చూడాలి. అది ఆబిడ్స్‌కు దగ్గరలోనే, నారాయణగూడలో ఉంది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని థియేటరులో సంఘసంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కార్వే. అక్కడ ఒక వక్త తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టిందని మీరు ముందే చదివి ఉంటారు. సంఘ నిర్మాతలలో ఒకరైన మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల ఉన్నత పాఠశాల నెలకొల్పడానికి పూనుకున్నారు. ఆ బడికి స్థానిక విశ్వవిద్యాలయ వ్యవస్థలో చోటు లేకపోయింది. మాధ్యమం మార్చుకుంటే దారి సులువయ్యేది. వారు మార్చుకోలేదు. మహిళల కోసం మాతృభాషలో చదువు అనే ఆశయంతో 1916లో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా బడిని నడిపారు. తెలుగు వక్త అవమానం పాలైన సభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి స్థాపించిన విద్యాసంస్థే ఏడేళ్ల తరువాత తెలుగు బాలికలకు పరీక్ష రాసే వీలు కల్పించింది. చరిత్రలో ఇటువంటి మలుపులు కల్పించినా ఎవరూ నమ్మరు.

షరతును కాదన్నందుకు ధర ఉంటుంది. ప్రభుత్వ ఆదరణ లేని బడి చందాల మీద, దాతల మీద బతకాలి. చందా ఇచ్చేవారు కూడా ఏదో ఒకటి అడుగుతారు కాని, వారు మీ ఊరివారు, మీరు పేరుపెట్టి పిలవగలవారు. నాంపల్లిలో ఈ స్థానిక ధనానికి మరో రూపం ఉంది. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం పూనికతో పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక పారిశ్రామిక ప్రదర్శన మొదలైంది. అదే మనం ఇప్పుడు నుమాయిష్ అంటున్నది. 1946 నుంచి ఇప్పటి మైదానంలో జరుగుతోంది. దాని ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది. మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ వాటిలోవే. జనవరిలో మీరు కొన్న టిక్కెట్టులో ఒక వంతు ఎవరో అమ్మాయి ప్రయోగశాలకు చేరి ఉండవచ్చు.

1950లో రాజ్యాంగం వచ్చాక షరతుల స్వభావం మారింది. అవి ఇక పాలకుడి ఇష్టం కాదు, పౌరుడి హక్కు. ప్రభుత్వ సహాయం పొందే సంస్థ మతం, జాతి, కులం, భాష అనే కారణాలతో మాత్రమే ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని 29వ అధికరణ చెబుతుంది. సహాయమిచ్చేటప్పుడు అల్పసంఖ్యాకుల సంస్థ అన్న కారణంతో ప్రభుత్వం వివక్ష చూపరాదని 30వ అధికరణ అంటుంది. ఆబిడ్స్‌లోని మిషనరీ బడులనూ, నాంపల్లిలోని ఉర్దూ బడులనూ ఈ రెండు వాక్యాల వెలుగులో చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి.

అప్పట్లో విద్య రాష్ట్రాల జాబితాలో ఉండేది. 1976 నాటి 42వ సవరణ దాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చింది. 1986 జాతీయ విద్యా విధానం తరువాత కేంద్ర పథకాలు వరుసగా వచ్చాయి. 1987-88లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, బోధన సామగ్రి ఉండాలన్నది. మంచి లక్ష్యమే. కాని అద్దె ఇంట్లో నడిచే నగరపు బడిలో రెండో గది ఎక్కడ కట్టాలి? 1994లో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యా పథకం స్త్రీల అక్షరాస్యత జాతీయ సగటు కన్నా తక్కువ ఉన్న జిల్లాలను ఎంచుకున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరీంనగర్, వరంగల్, కర్నూలు, నెల్లూరు, విజయనగరం మొదట చేరాయి. హైదరాబాదు చేరలేదు. జిల్లా సగటు బాగుంది కాబట్టి ఆ జిల్లాలోని పేద బస్తీ బడి లెక్కలోకి రాలేదు. సగటు అనే అంకె ఇలా కూడా పని చేస్తుంది.

2001లో సర్వశిక్షా అభియాన్ ప్రతి జిల్లాకూ విస్తరించాక మాత్రమే నాంపల్లి సందులోని బడి చేతికి కేంద్రం సొమ్ము ఏటా నిశ్చయంగా రావడం మొదలైంది. ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత దశకు 7,000 రూపాయల పాఠశాల గ్రాంటు, ఉపాధ్యాయునికి బోధనోపకరణాలకై 500 రూపాయలు. చిన్న మొత్తాలే. కాని వాటిని ఖర్చుపెట్టే నిర్ణయం బడిలోనే జరిగేది. 2018-19 నుంచి ఈ పథకాన్నీ, మాధ్యమిక విద్యా పథకాన్నీ, ఉపాధ్యాయ విద్యా పథకాన్నీ కలిపి సమగ్ర శిక్షగా నడుపుతున్నారు. తెలంగాణలో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం.

ఇప్పుడు గ్రాంటు కోసం బడి దరఖాస్తు ఎలా పెడుతుంది? నిజానికి చాలా వరకు దరఖాస్తు అన్న పేరుతో కాగితం ఉండదు. ప్రతి ఏటా బడి తన పిల్లల సంఖ్య, గదులు, మరుగుదొడ్లు, ఉపాధ్యాయుల వివరాలు యూడైస్ అనే సమాచార వ్యవస్థలో నింపుతుంది. దరఖాస్తు అదే. ఆ అంకెల నుంచి జిల్లా ప్రణాళిక, దాని నుంచి రాష్ట్ర వార్షిక ప్రణాళిక తయారై ఢిల్లీలోని ప్రాజెక్టు ఆమోద మండలి ముందుకు వెళుతుంది.

ప్రస్తుత నిబంధనల ప్రకారం 30 మంది వరకు పిల్లలున్న బడికి ఏటా 10,000 రూపాయల మిశ్రమ పాఠశాల గ్రాంటు వస్తుంది. 31 నుంచి 100 వరకు 25,000. 101 నుంచి 250 వరకు 50,000. 251 నుంచి 1,000 వరకు 75,000. ఆపైన లక్ష. ఇందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చుపెట్టాలి. నాంపల్లిలో ఒక బడిలో 32 మంది పిల్లలున్నారనుకోండి. ఇద్దరు కూలీ కుటుంబాలతో సొంత ఊరికి వెళ్లిపోయారు. పేర్లు తీసేస్తే గ్రాంటు 25,000 నుంచి 10,000కు పడిపోతుంది. కరెంటు బిల్లు మాత్రం ఇద్దరు పిల్లలంత తగ్గదు. వచ్చే నెల తిరిగి వస్తారేమోనన్న ఆశతో పేర్లు ఉంచేస్తే అది తప్పుడు లెక్క అవుతుంది. ఈ ఇరకాటం ప్రధానోపాధ్యాయుల నిజాయితీకి పరీక్ష అని తేలికగా అనేస్తాం. నియమాన్ని మెట్లుగా కోసినవారు కూడా ఇందులో భాగస్థులే.

డబ్బు వచ్చాక అసలు పని మొదలవుతుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి ప్రభుత్వ బడిలోనూ పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలనీ, సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే కావాలనీ, సగం మంది స్త్రీలు ఉండాలనీ చెప్పింది. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాసేదీ, గ్రాంటు వినియోగాన్ని చూసేదీ ఆ కమిటీయే. 2024 నుంచి తెలంగాణలో మరమ్మతుల వంటి పనులకు మహిళా స్వయం సహాయక సంఘాలతో ముడిపడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా ఏర్పడ్డాయి. ఖర్చుకు ముందు తీర్మానాల పుస్తకంలో తీర్మానం ఉండాలి. కొన్నదానికి బిల్లు, స్టాకు రిజిస్టరులో నమోదు, క్యాష్‌బుక్‌లో పద్దు ఉండాలి. సంవత్సరాంతంలో వినియోగ ధ్రువపత్రం వెళ్లాలి. బడులన్నిటి లెక్కలూ కలిసి రాష్ట్రం నుంచి పైకి చేరితేనే కేంద్రం తదుపరి విడత విడుదల చేస్తుంది. ఎక్కడో ఒకచోట పత్రాలు నిలిచిపోతే, సక్రమంగా లెక్క రాసిన బడి కూడా ఎదురుచూడవలసిందే. అందుకే సొమ్ము ఆర్థిక సంవత్సరం చివర్లో చేతికందడం, దాన్ని మార్చి 31 లోపు హడావుడిగా ఖర్చుపెట్టడం ఉపాధ్యాయులకు అలవాటైన బాధ.

బడి తానుగా పోటీపడి దరఖాస్తు పెట్టుకునే పద్ధతి ఇటీవల వచ్చింది. 2022 సెప్టెంబరులో ఆమోదం పొందిన పీఎం శ్రీ పథకం దేశవ్యాప్తంగా 14,500 బడులను ఎంపిక చేయాలని తలపెట్టింది. ఒక బ్లాకు లేదా పట్టణ స్థానిక సంస్థ పరిధిలో గరిష్ఠంగా రెండు బడులకే అవకాశం. బడి పోర్టల్‌లో వివరాలు పెట్టాలి, కనీస అర్హతలు దాటాలి, తనిఖీకి నిలబడాలి. అయితే అంతకుముందే రాష్ట్ర ప్రభుత్వం కేంద్రంతో అవగాహన ఒప్పందం చేసుకోవాలి, అందులో 2020 జాతీయ విద్యా విధానం అమలు ఒక షరతు. తెలంగాణ ఒప్పందం చేసుకుంది. తమిళనాడు విద్యా విధానంలోని భాషా సూత్రాన్ని అంగీకరించక సంతకం చేయలేదు. ఆ తరువాత 2024లో ఆ రాష్ట్రానికి రావలసిన సమగ్ర శిక్ష నిధులు ఆగిపోయి వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎవరిది న్యాయమన్నది రాజకీయశాస్త్ర పాఠంలో చర్చించుకోవచ్చు. నారాయణగూడ బడి కథ చదివిన మీకు మాత్రం ఈ వార్త కొత్తగా అనిపించకపోవచ్చు. ఒక తేడా ఉంది. 1928లో షరతును కాదన్నవారే దాని ధర చెల్లించారు. ఇప్పుడు సంతకం గురించి నిర్ణయం తీసుకునేది సచివాలయం, జీతం ఆగేది ఎక్కడో బడిలో పనిచేసే ఒప్పంద ఉపాధ్యాయుడికి.

అభ్యాసం: మీ ఇంటికి దగ్గరలోని ప్రభుత్వ పాఠశాలకు వెళ్లి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో గత సంవత్సరపు తీర్మానాల పుస్తకాన్నీ, క్యాష్‌బుక్‌నూ చూడండి. గ్రాంటు ఏ తేదీన జమ అయింది, మొదటి ఖర్చు ఏ తేదీన జరిగింది, తీర్మానం కింద ఎంతమంది తల్లులు సంతకం చేశారు, ఎంతమంది వేలిముద్ర వేశారు అన్నవి రాసుకోండి. ఆ వివరాల ఆధారంగా రెండు పుటల్లో ఆ బడి గ్రాంటు చరిత్ర రాయండి.