పెయింటు రిమూవరు

పెయింటు రిమూవరు అనగా చెక్క, ఇనుము వంటి వాటిపై ఎండి గట్టిపడిన రంగును మెత్తబరచి, గీకివేయడానికి వీలు కల్పించే రసాయన మిశ్రమం. పాత తలుపులు, కిటికీలు, దూలాలు, గడపలపై పొరలు పొరలుగా పేరుకున్న రంగును తొలగించి, తిరిగి వార్నిష్ గాని కొత్త రంగు గాని వేయుటకు ముందు దీనిని ఉపయోగిస్తారు. ఆంధ్రప్రదేశ్ లోని కడప జిల్లాకు చెందిన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాలలో దీనిని ఇళ్ళలో వాడేటప్పుడు మూడు విషయాలను దృష్టిలో ఉంచుకోవాలి. అవి వేసవి వేడి, పాత రంగులలోని సీసం, నేలకు పరచిన కడప రాయి.

పనిచేసే విధానం

ఎనామిల్ రంగు ఎండినపుడు దానిలోని నూనె లేదా రెసిన్ అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పొరగా మారుతాయి. రిమూవరు ఈ పొరలోనికి చొచ్చుకొనిపోయి దానిని ఉబ్బిస్తుంది. ఉబ్బిన పొర ముడతలు పడి చెక్క నుండి విడిపోతుంది. నిలువుగా ఉన్న తలుపు మీది నుండి జారిపోకుండా మిశ్రమానికి చిక్కదనం ఇచ్చే పదార్థాన్ని, త్వరగా ఆవిరి కాకుండా మైనాన్ని కలుపుతారు.

రకాలు

డైక్లోరోమీథేన్ రకం: దీనినే మిథిలీన్ క్లోరైడ్ అని కూడా అంటారు. కొద్ది నిమిషాలలోనే రంగును లేపుతుంది. అన్నిటికంటె వేగమైనది, అన్నిటికంటె ప్రమాదకరమైనది కూడా ఇదే.

క్షార రకం: కాస్టిక్ సోడా ఇందులో ముఖ్యమైనది. ఇది నూనె రంగులను సబ్బుగా మార్చి కరిగిస్తుంది. చర్మాన్ని, కళ్ళను తీవ్రంగా కాలుస్తుంది. టేకు వంటి కలపను నల్లబరుస్తుంది. సోడాను కొద్దికొద్దిగా నీటిలో వేయాలి గాని సోడాపై నీరు పోయరాదు. అల్యూమినియం పాత్రలు వాడరాదు.

బెంజైల్ ఆల్కహాల్ రకం: నిదానంగా, కొన్ని గంటలపాటు పనిచేస్తుంది. ఆవిరి తక్కువ కనుక ఇంటి వాడకానికి మొదటి రెండింటికంటె మేలైనది.

వేసవి వేడి

డైక్లోరోమీథేన్ సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఏప్రిల్, మే నెలలలో కడప జిల్లాలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సర్వసాధారణం. అనగా చలి దేశాలలో నెమ్మదిగా ఆవిరయ్యే ఈ ద్రవం ఇక్కడి వేసవిలో నీడలో సైతం మరుగు స్థితికి చేరుతుంది. ఎండలో ఉంచిన డబ్బా మూత తీసినపుడు లోపలి ఒత్తిడి వలన ద్రవం ముఖం మీదికి చిమ్మవచ్చు. పెళ్ళిళ్ళ కోసం ఇళ్ళకు రంగులు వేయించడం ఎక్కువగా వేసవిలోనే జరుగుతుంది కనుక ఈ విషయం ముఖ్యమైనది.

దీని ఆవిరి గాలికంటె దాదాపు మూడు రెట్లు బరువైనది. కిటికీ తెరచి ఉన్నప్పటికీ గది నేలమట్టంలో నిలిచిపోతుంది. వంగి గడపను గీకే మనిషి పీల్చేది ఆ గాలినే. ఇది మొదట మత్తును, తలతిప్పును కలిగించి, మోతాదు పెరిగినపుడు స్పృహను, శ్వాసను హరిస్తుంది. శరీరంలో కొంత భాగం కార్బన్ మోనాక్సైడుగా మారి రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. అందువలన గుండె జబ్బు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. ముక్కుకు గుడ్డ కట్టుకొనుట వలన గాని, దుమ్ము కోసం వాడే మాస్కు వలన గాని ప్రయోజనం లేదు. సాధారణ రబ్బరు తొడుగుల గుండా కూడా ఇది చొచ్చుకుపోతుంది.

పాత రంగులలో సీసం

భారతదేశంలో ఇళ్ళకు వాడే రంగులలో సీసం 90 పీపీఎం మించరాదని 2016లో నియమాలు వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన ఎనామిల్ రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది. ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు ఛాయల కోసం లెడ్ క్రోమేట్ వంటి వర్ణకాలను వాడేవారు. గడపకు పసుపు పూయుటకు బదులుగా పసుపుపచ్చని ఎనామిల్ వేసి ఎర్రని బొట్లు పెట్టడం తెలుగునాట పరిపాటి. కనుక ఇంటిలో సీసం ఎక్కువగా ఉండే అవకాశం గల చోట్లలో పాత గడప ఒకటి. పిల్లలు కూర్చునేదీ, చేతులు ఆనించేదీ అక్కడే. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

ఇటువంటి రంగును పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే సీసపు దుమ్ము ఇల్లంతా వ్యాపిస్తుంది. మంటతో కాలిస్తే సీసపు పొగ వెలువడుతుంది. రంగును తడిగానే ఉంచి తీసివేయడం రిమూవరులోని నిజమైన సుగుణం. పాత రంగు పెచ్చులూడకుండా గట్టిగా ఉన్నట్లయితే, దానిని కదిలించక పైననే కొత్త రంగు వేయడం అన్నిటికంటె సురక్షితం.

కడప రాయి నేల

జమ్మలమడుగు, యర్రగుంట్ల ప్రాంతాలలో లభించే కడప రాయి ఒక సున్నపురాయి. కాస్టిక్ సోడా వాడిన తరువాత చెక్కపై మిగిలిన క్షారాన్ని విరుచుటకు పలుచని వెనిగర్ పూస్తారు. ఆమ్లం తగిలితే సున్నపురాయి కరిగి, నునుపు పోయి తెల్లని మచ్చలు పడతాయి. కావున గడప చుట్టూ బండలపై మందమైన ప్లాస్టిక్ పట్టా పరచాలి.

వాడే పద్ధతి

* తలుపు రెక్కలను బందుల నుండి ఊడదీసి ఆరుబయట, నీడలో, ఉదయపు చల్లని వేళలో పని చేయాలి.
* గడపను ఊడదీయలేము కనుక దానికి డైక్లోరోమీథేన్ రకాన్ని వాడకపోవడం మంచిది.
* పొయ్యి, బీడీ, దీపం దగ్గర ఉండరాదు. పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచాలి.
* రిమూవరును మందంగా, ఒకే దిశలో పూసి, పొర ఉబ్బిన తరువాత లప్పం పెట్టే రేకుతో చెక్క చార వెంబడి తీయాలి.
* మిగిలిన మైనాన్ని టర్పెంటైనుతో తుడిచి, బాగా ఆరిన తరువాతనే కొత్త రంగు వేయాలి.
* గీకిన పెచ్చులను మూత గల డబ్బాలో వేయాలి. కాలువలో పారవేసినచో అవి చివరకు పెన్నా నదికి చేరవచ్చు.
* తల తిరిగినచో వెంటనే గాలి ఆడే చోటికి చేర్చి, 108కు ఫోను చేయాలి.

ఇతర దేశాలలో నియంత్రణ

అమెరికాలో 1980 నుండి 2018 వరకు డైక్లోరోమీథేన్ వలన 85 మంది మరణించినట్లు 2021లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. వీరిలో అధికులు పనిలో ఉన్న కార్మికులే. అక్కడ ఈ రకం రిమూవర్లను సాధారణ వినియోగదారులకు అమ్మడం 2019లో నిషేధించబడింది. 2024లో నిషేధం మరిన్ని వాడకాలకు విస్తరించింది. ఐరోపా సమాఖ్య 2009లోనే ఇటువంటి నిర్ణయం తీసుకుంది. డబ్బాపై మిథిలీన్ క్లోరైడ్ లేదా డైక్లోరోమీథేన్ అనే పేరు ఉన్నదీ లేనిదీ కొనే ముందే చూసుకోవడం అవసరం.